డీప్ స్కై ఫొటోలు: గంటల ఎక్స్‌పోజర్‌కు ముందు చూసుకోవాల్సినవి

నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీలు తీయడం మొదలుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది ఒక్కో ఫ్రేము (తర్వాత ఒకటిగా కలిపే ఫొటోల్లో ఒక్కొక్కటి) ఎన్ని నిమిషాలు పెట్టాలని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ టార్గెట్‌కు మొత్తం ఎన్ని గంటలు ఇవ్వగలమన్నది. నాయిస్‌తో (ఫొటోలో కనిపించే గరుకుతో) పోలిస్తే సిగ్నల్ (టార్గెట్ నుంచి వచ్చే అసలు వెలుగు) రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు కావాలి. 2 గంటల ఫొటోకూ 3 గంటల ఫొటోకూ పెద్ద తేడా కనిపించదు, 8 గంటలకు వెళ్తే కనిపిస్తుంది. అందుకే ఒక్క రాత్రిని నాలుగైదు టార్గెట్లకు పంచేయకండి. ఒక్కదాన్నే పట్టుకుని, రెండు మూడు రాత్రులు కలిపి తీయండి.

ఆ రాత్రులను మరీ దూరం పెట్టకూడదు. నక్షత్రాలు రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకు 2 గంటలు. ఇప్పటికే పడమటికి వాలుతున్నదాన్ని వచ్చే అమావాస్యకు చూద్దాంలే అనుకుంటే చేజారిపోతుంది. 30 డిగ్రీల ఎత్తులో ఉన్నదాని వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటికంటే రెట్టింపు గాలిని దాటి రావాలి. అంతకంటే కిందికి దిగిన సమయాన్ని నేనైతే లెక్కలో వేసుకోను.

ఇక ఫ్రేము నిడివి. టెస్ట్ ఫ్రేము తీసి హిస్టోగ్రామ్ (ఫ్రేములో చీకటి, వెలుగులు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. అందులోని గుట్ట ఎడమ అంచు నుంచి స్పష్టంగా విడిపడితే చాలు. ఇంకా పెంచితే లాభం కొంచెమే, గాలికి మౌంట్ (కెమెరాను ఆకాశంతోపాటు తిప్పే స్టాండ్) కదిలితే పోయేది మాత్రం ఎక్కువ. ఓరియన్ నెబ్యులా నడిబొడ్డు నిమిషాల ఫ్రేముల్లో తెల్లగా మాడిపోతుంది. దానికోసం కొన్ని సెకన్ల ఫ్రేములు విడిగా తీసి కలపాలి.

వెన్నెల రాత్రుల్లో గెలాక్సీల జోలికి పోకండి. హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ (హైడ్రోజన్ వెలువరించే ఎర్ర వెలుగునే రానిచ్చేది) ఉంటే ఎర్రటి నెబ్యులాలు తీసుకోవచ్చు.

ఎక్కువమంది రాత్రులు పాడయ్యేది మంచు వల్లే. నక్షత్రాలు ఉబ్బి, చుట్టూ మసక వలయం కనిపించిందంటే లెన్స్ మీద చెమ్మ చేరినట్టే. తుడిస్తే మళ్లీ పడుతుంది. లెన్స్‌ను వెచ్చగా ఉంచే డ్యూ హీటర్‌ను మొదటి ఫ్రేము నుంచే ఆన్‌లో ఉంచండి. మెరిడియన్ ఫ్లిప్‌ను (టార్గెట్ నడినెత్తి మీది ఉత్తర దక్షిణ రేఖ దాటేటప్పుడు మౌంట్ రెండో వైపుకు తిరగడాన్ని) పగలే ఒకసారి చేసి, ఏ కేబుల్ ఎక్కడ బిగుస్తుందో కళ్లారా చూసుకోండి. చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది కాబట్టి గంటకోసారి సరిచూసుకోవాలి. డిథరింగ్ (ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య గురిని కాస్త జరపడం) తప్పనిసరి, లేకపోతే ఫ్రేములు స్టాక్ చేశాక (ఒకటిగా కలిపాక) ఫొటో అంతా ఏటవాలు చారలు పడతాయి.

తెల్లవారాక కెమెరా విప్పే తొందర వద్దు. ముందు ఫ్లాట్ ఫ్రేములు (దుమ్ము మచ్చలను సరిదిద్దడానికి సమంగా వెలిగే తలాన్ని తీసే ఫొటోలు) తీయండి. కెమెరా కాస్త తిరిగినా దుమ్ము మచ్చల చోటు మారిపోయి, తర్వాత తీసిన ఫ్లాట్లు పనికిరావు.