వెనక బ్రేక్ పిస్టన్ లోపలికి పోవట్లేదా? సుత్తి పక్కన పెట్టండి

వెనక ప్యాడ్లు మారుద్దామని చక్రం విప్పారు, పాతవి ఈజీగానే ఊడొచ్చాయి, కొత్తవి మాత్రం పట్టట్లేదు, ఎందుకంటే పిస్టన్ బయటికి వచ్చేసి ఉంది. ముందు చక్రాలకు చేసినట్టే సీ క్లాంప్ పెట్టి బిగిస్తే పోతుందిలే అనుకుంటారు చాలామంది. మంచి క్యాలిపర్ (పిస్టన్ ఉండే, ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) పాడయ్యేది అక్కడే.

హ్యాండ్ బ్రేక్ కేబుల్ నేరుగా వెనక క్యాలిపర్‌కే తగిలించి ఉంటే, ఆ పిస్టన్ లోపల మరలున్న అడ్జస్టర్ ఉన్నట్టే. దాన్ని నొక్కితే పోదు, నొక్కుతూ తిప్పాలి. పిస్టన్ ముఖం మీద గాట్లు కనిపిస్తాయి చూడండి, అవి ఉన్నది అందుకే. తిప్పే టూల్ ఆన్‌లైన్‌లో సెట్టుగా దొరుకుతుంది, కొనుక్కోండి, నోస్ ప్లయర్‌తో కుస్తీ పడితే రబ్బరు బూటు చిరుగుతుంది. ఎక్కువ కార్లలో గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి, కొన్నిట్లో ఒక పక్కది రివర్స్ ఉంటుంది, కాబట్టి తిరగకపోతే బలం పెంచే ముందు మాన్యువల్ చూడండి. చివర్లో, ప్యాడ్ వెనక బుడిపె ఉంటే అది పిస్టన్ గాట్లో కూర్చునేలా సరిచూసుకోవాలి. బటన్ నొక్కితే పడే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ అయితే కథ వేరు, సర్వీస్ మోడ్‌లో, అంటే దాని మోటారు పిస్టన్‌ని వదిలేసే స్థితిలో, పెట్టకుండా దాని జోలికి వెళ్లొద్దు, చాలా కార్లలో దీనికి స్కానర్ కావాలి.

మొదలుపెట్టే ముందే చదునైన నేల చూసుకుని, ముందు చక్రాలకు అడ్డం పెట్టి, గేర్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ దించేయండి. జాకీని నమ్మి బండి కింద దూరొద్దు, స్టాండు వేయాల్సిందే. పిస్టన్ లోపలికి పోతుంటే పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది, పొర్లి బాడీ మీద పడితే పెయింటు లేచిపోతుంది, కాబట్టి ముందే సిరంజితో కొంచెం లాగేయండి.

పిస్టన్ అస్సలు కదలకపోతే ఒక చిన్న పరీక్ష. నిపుల్‌కి (క్యాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే చిన్న స్క్రూకి) ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, నిపుల్ కాస్త వదులు చేసి మళ్లీ తిప్పండి. ఇప్పుడు హాయిగా పోతే పిస్టన్ తప్పేం లేదు, రబ్బరు హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది, అది మార్చాలి. అప్పటికీ బిగుసుకునే ఉంటే తుప్పు పట్టినట్టే. అప్పుడు పిస్టన్‌ని ఎదురు తిప్పి బయటికి తీయాలి. మరలు లేని మామూలు పిస్టన్‌ని గాలి కొట్టి తీసేవాళ్లు ఎదురుగా చెక్కముక్క పెట్టి, వేళ్లు దూరంగా ఉంచండి, అది తూటాలా వస్తుంది. లోపలి సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో పీకకండి, గాడి మీద గీత పడితే లీకు ఖాయం, వెదురు పుల్ల చాలు. పిస్టన్ మీద పూత లేచి గుంటలు పడి ఉంటే రబ్బరు సీళ్ల కిట్టుకి పెట్టే డబ్బులు కూడా దండగే, పిస్టన్ మార్చండి.

ఇక మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనక డ్రమ్ములే కదా. డ్రమ్ము రాకపోతే దాని మీద మరలున్న రెండు రంధ్రాలున్నాయేమో చూడండి, సరిపోయే బోల్టులు రెండిట్లోనూ సమంగా బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది. కొన్ని మోడళ్లలో బేరింగ్ డ్రమ్ములోనే ఉంటుంది, అప్పుడు మధ్యలో నట్టు విప్పాలి. లోపలి దుమ్ము ఊదొద్దు, పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడి గుడ్డతో తుడవండి. ఇప్పుడు వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలను బయటికి నెట్టేది) బూటు అంచు ఎత్తి చూడండి: లోపల పొడిగా ఉంటే వదిలేయండి, తడిగా ఉండి బ్రేక్ ఆయిల్ కారుతుంటే కప్పులు, అంటే లోపలి రబ్బరు సీళ్లు, పోయినట్టే. కిట్టు వేస్తే కొత్త కప్పుల పెదవి లోపలికి, స్ప్రింగు వైపుకి ఉండాలి, తిరగేస్తే పెడల్ తొక్కగానే కారుతుంది. సిలిండర్ లోపల వేలి గోరుకు తగిలేంత గుంటలుంటే రుద్దుతూ కూర్చోవద్దు, సిలిండరే కొత్తది వేయండి, నా లెక్కలో చాలాసార్లు అదే తెలివైన పని. ఆయిల్ తాగిన షూలు కూడా కడిగి వాడొద్దు, రెండు వైపులా మార్చండి.

రబ్బరు భాగాలకి పెట్రోలు, కిరోసిన్, మామూలు గ్రీజు తగలనివ్వకండి, నానబెట్టిన శనగల్లా ఉబ్బి పిస్టన్‌ని పట్టేస్తాయి. కడగడానికీ, ఎక్కించేటప్పుడు తడపడానికీ కొత్త బ్రేక్ ఆయిలే వాడండి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయండి. డాట్ 5 సిలికాన్‌ది, అది కలపకూడదు.

పైపు గానీ నిపుల్ గానీ విప్పి ఉంటే ఎయిర్ తీయక తప్పదు. ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకోవాలి, ఒకరు నిపుల్ వదిలి, పెడల్ కిందికి చేరగానే బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి, బుడగలు ఆగేదాకా ఇలాగే చేయాలి. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తుండండి. ఇంజను ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి, మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది, బండి బయటికి తీయొద్దు. జారకపోతే ఖాళీ రోడ్డు మీద మెల్లగా నాలుగైదు సార్లు ఆపి చూసి, ఇంటికొచ్చాక ఆ నిపుల్ దగ్గరా పైపు నట్టు దగ్గరా పొడి టిష్యూతో తుడిచి తడి ఉందేమో చూడండి.