నేషనల్ ఫారెస్ట్‌లో టెంట్ వేసుకోవాలంటే: కాలిఫోర్నియా సియెర్రా కొండల్లో డిస్పర్స్డ్ క్యాంపింగ్ దరఖాస్తు విధానం

వేసవిలో యోసెమిటీ నేషనల్ పార్కు లోపల క్యాంప్‌గ్రౌండ్ దొరకడం ఎంత కష్టమో బే ఏరియాలో ఉన్న మనవాళ్లందరికీ తెలుసు. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే సైట్లన్నీ అయిపోతాయి. కానీ పార్కు గేటు దాటి బయటికి వస్తే చుట్టూ ఉన్నది నేషనల్ ఫారెస్టే. పడమటి వైపు స్టానిస్లాస్, దక్షిణాన సియెర్రా, తూర్పున ఇన్యో. ఈ అడవుల్లో చాలా చోట్ల ముందస్తు బుకింగ్ లేకుండా, రుసుము కట్టకుండా టెంట్ వేసుకోవచ్చు. దీన్నే డిస్పర్స్డ్ క్యాంపింగ్ అంటారు. కుళాయి, టాయిలెట్, చెత్తకుండీ, నంబరు వేసిన సైటు, ఏవీ ఉండవు.

మన దగ్గర అభయారణ్యంలో అడుగు పెట్టాలంటేనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పర్మిట్ కావాలి. రిజర్వు ఫారెస్టులో రాత్రి ఉండాలన్నా అటవీ శాఖ ఒప్పుకోవాలి. అందుకే ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు టెంట్ చూడగానే "ఎవరిని అడిగి వేశారు?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. ఇక్కడ స్థలం కోసం దరఖాస్తు ఫారం ఉండదు. ఆ స్థలం క్యాంపింగ్‌కు తెరిచి ఉందో లేదో ముందే తేల్చుకోవడం, మంట వెలిగించడానికి పర్మిట్ తీసుకోవడం, వైల్డర్‌నెస్‌లోకి (బండ్లను పోనివ్వని రక్షిత ప్రాంతంలోకి) నడిచి వెళ్తుంటే దానికి వేరే పర్మిట్ తీసుకోవడం మాత్రం మన బాధ్యత. పౌరసత్వంతో గానీ, ఏ వీసా మీద ఉన్నారన్న దానితో గానీ దీనికి సంబంధం లేదు. నేషనల్ పార్క్ పాస్ కూడా అక్కర్లేదు.

ముందుగా ఆ భూమి ఎవరిదో తెలుసుకోండి. నేషనల్ పార్కులు ఇంటీరియర్ శాఖ కింద ఉంటాయి. నేషనల్ ఫారెస్టులు వ్యవసాయ శాఖలో భాగమైన ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటాయి. 1905లో ఏర్పడిన ఈ సంస్థ ఇప్పుడు 154 ఫారెస్టులు చూసుకుంటోంది. పార్కు లోపల రోడ్డు పక్కన టెంట్ వేస్తే, కార్లో పడుకుంటే జరిమానా పడుతుంది. ఫారెస్టులో అదే పని చాలా చోట్ల చట్టబద్ధం. చిక్కేమిటంటే ఫారెస్ట్ సరిహద్దు లోపల కూడా ప్రైవేటు భూములు ఉంటాయి. కలప కంపెనీల తోటలు, పాత గనుల స్థలాలు, ఇళ్లు. ఫారెస్ట్ సర్వీస్ మ్యాపులో ప్రభుత్వ భూమి ఆకుపచ్చగా, ప్రైవేటు భూమి తెల్లగా కనిపిస్తుంది. తెల్లగా ఉన్న చోట గేటు తెరిచి ఉన్నా లోపలికి పోవద్దు.

తర్వాత కావాల్సింది మోటార్ వెహికిల్ యూజ్ మ్యాప్. అందరూ ఎంవీయూఎం అంటారు. నా దృష్టిలో ఈ మొత్తం పనికి ఇదే ఆధారం. మిగతా యాప్‌లు, యూట్యూబ్ వీడియోలు దీని తర్వాతే. 2005లో వచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ నిబంధన ప్రకారం బండి ఏ రోడ్డు మీద వెళ్లొచ్చో చట్టపరంగా చెప్పేది ఈ మ్యాపే. ఫారెస్ట్ వెబ్‌సైట్‌లోనూ, రేంజర్ స్టేషన్‌లోనూ (ఫారెస్ట్ సర్వీస్ స్థానిక ఆఫీసు) ఉచితంగా ఇస్తారు. అవెంజా అనే మ్యాపుల యాప్‌లోకి దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో నీలి చుక్కగా చూపిస్తుంది. సిగ్నల్ కచ్చితంగా పోతుంది కాబట్టి ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడే దించుకోండి.

మొదటిసారి చూస్తే ఈ మ్యాపు నిరాశ కలిగిస్తుంది. నలుపు తెలుపుల్లో ఉంటుంది. కొండ వాలు తెలియదు, చెట్లు కనిపించవు. సన్న గీతలు, 4ఎన్12 లాంటి రోడ్డు నంబర్లు, ఓ పక్కన పట్టిక, అంతే. ఆ పట్టికే చదవాలి. ఏ రోడ్డు అన్ని బండ్లకూ, ఏది ఏ నెల నుంచి ఏ నెల వరకు తెరిచి ఉంటుంది అన్నది అందులోనే ఉంటుంది. కొన్ని ఫారెస్టుల మ్యాపుల్లో రోడ్డు గీతకు అటూ ఇటూ వరసగా చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలున్న మేర క్యాంపింగ్ కోసం బండిని రోడ్డు దిగి కొంత దూరం లోపలికి తీసుకెళ్లొచ్చని అర్థం. ఆ దూరం ఎంతో మ్యాపు మీదే రాసి ఉంటుంది. చుక్కలు లేని చోట బండిని రోడ్డు అంచున ఆపి, టెంట్‌ను మోసుకుంటూ లోపలికి నడవాలి. మ్యాపులో అసలు లేని రోడ్డు కళ్ల ముందు కనిపించినా అది బండికి మూసినట్టే లెక్క. పచ్చిక మీద పడిన చక్రాల జాడలు చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే.

రోడ్డు ఎంచుకున్నాక శాటిలైట్ చిత్రంలో అదే రోడ్డు వెంట చూసుకుంటూ పోండి. చెట్ల మధ్య చదునుగా, లేత గోధుమ రంగులో నేల కనిపిస్తే అక్కడ ఎవరో ఇంతకుముందే క్యాంప్ చేసి ఉంటారు. కొత్త చోట గడ్డి నలిపే బదులు అలాంటి పాత స్థలమే వాడమని ఫారెస్ట్ సర్వీస్ కూడా చెబుతుంది. రెండు మూడు చోట్లు గుర్తుపెట్టుకుని, వెలుతురు ఉండగానే చేరుకోండి. చీకట్లో వెతకడం మొదలుపెడితే టెన్షన్‌లో ఏదో ఒక చోట ఆపేస్తాం. అది ప్రైవేటు భూమో, వాగు ఒడ్డో తెల్లారాక గానీ తెలియదు. వాగుకు, సరస్సుకు కనీసం 200 అడుగుల దూరం పాటించాలి. పెద్దవాళ్ల అడుగులతో సుమారు 70 అడుగులు వేస్తే సరిపోతుంది.

టెంట్ విప్పే ముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. 2010 నుంచి 2017 దాకా కరువు, బెరడు పురుగుల వల్ల కాలిఫోర్నియా అడవుల్లో 12.9 కోట్ల చెట్లు చచ్చిపోయాయని ఫారెస్ట్ సర్వీస్ లెక్క తేల్చింది. అందులో ఎక్కువ భాగం ఈ సియెర్రా కొండల్లోనే. సూదుల్లాంటి ఆకులు రాలిపోయి, బెరడు ఊడి, బూడిద రంగుకు తిరిగిన పైన్ చెట్టు గాలి లేకపోయినా కొమ్మ విరిగి పడొచ్చు. అలాంటి చెట్టు కూలితే అందేంత దూరంలో టెంట్ వేయకండి, నీడ ఎంత బాగున్నా సరే.

ఇక పర్మిట్ విషయం. కాలిఫోర్నియాలో బుక్ చేసుకునే క్యాంప్‌గ్రౌండ్ బయట క్యాంప్‌ఫైర్‌కే కాదు, గ్యాస్ స్టవ్‌కు, బొగ్గుల బార్బెక్యూకు కూడా క్యాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. టీ పెట్టుకోవడానికి చిన్న స్టవ్వే కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు, కానీ అవసరమే. ఇది ఉచితం. రెడీ ఫర్ వైల్డ్‌ఫైర్ వెబ్‌సైట్‌లో ఒక చిన్న వీడియో చూసి, ప్రశ్నలకు జవాబిచ్చి, పేరూ చిరునామా నింపితే పర్మిట్ వచ్చేస్తుంది. ప్రింట్ తీసుకోండి, లేదా ఫోన్‌లో దాచుకోండి. ఆ సంవత్సరం డిసెంబరు 31 వరకు చెల్లుతుంది కాబట్టి జనవరిలో మళ్లీ తీసుకోవాలి. ఎవరి పేరు మీద పర్మిట్ ఉందో ఆ మనిషి క్యాంప్‌లో ఉండాలి.

పర్మిట్ ఉందంటే మంట వెలిగించే హక్కు వచ్చేసినట్టు కాదు. ఎండలు ముదిరాక ఫారెస్ట్ సూపర్‌వైజర్ ఫైర్ రిస్ట్రిక్షన్ ఆర్డర్ ఇస్తారు. అప్పటి నుంచి డిస్పర్స్డ్ స్థలాల్లో కట్టెల మంట, బొగ్గులు రెండూ నిషేధం. ఆఫ్ చేసే వాల్వ్ ఉన్న గ్యాస్ స్టవ్‌ను మాత్రం పర్మిట్‌తో సాధారణంగా అనుమతిస్తారు. ఆ ఆర్డర్‌ను ఉల్లంఘిస్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. ఇంత కఠినంగా ఎందుకు ఉంటారో స్టానిస్లాస్‌లో తిరిగితే కళ్లకు కడుతుంది. 2013 ఆగస్టు 17న మొదలైన రిమ్ ఫైర్ 2.57 లక్షల ఎకరాలు కాల్చేసింది. అక్రమంగా వెలిగించిన ఒక మంట అదుపు తప్పడమే కారణమని ఫారెస్ట్ సర్వీస్ దర్యాప్తు చెప్పింది. హైవే 120 మీద గ్రోవ్‌ల్యాండ్ దాటాక కొండలకు కొండలే ఇప్పటికీ పొదలతో, మొండి మానులతో కనిపిస్తాయి.

మంటకు అనుమతి ఉన్న రోజుల్లో చుట్టూ 5 అడుగుల మేర ఆకులూ సూదులూ తీసేసి మట్టి కనపడేలా చేయాలి. పార, నీళ్లు పక్కనే ఉండాలి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, పారతో కలిపి, మళ్లీ నీళ్లు పోయండి. తర్వాత బూడిదకు దగ్గరగా అరచేతి వెనకభాగం పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా ఆరనట్టే, మళ్లీ మొదటి నుంచి చేయాలి. పైకి తడిగా కనిపించే బూడిద కింద రాత్రంతా నిప్పు బతికే ఉంటుంది. కట్టెలు ఊరి నుంచి మోసుకెళ్లకుండా అక్కడికి దగ్గర్లోనే కొనుక్కోండి, వాటితో పాటు పురుగులు కొత్త అడవికి పోతాయి.

తిండి గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. బిర్యానీ డబ్బా, ఆవకాయ సీసా, పిల్లల బిస్కెట్లు, టూత్‌పేస్ట్, అన్నీ ఎలుగుబంటికి వాసనే. టెంట్‌లో ఏదీ పెట్టొద్దు. కారు తలుపులు పీకేయడం సియెర్రా ఎలుగులకు కొత్త కాదు కాబట్టి కారును కూడా నమ్మొద్దు. బేర్ క్యానిస్టర్‌లో (ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో) పెట్టి టెంట్‌కు దూరంగా ఉంచాలి. గిన్నెలు కడిగిన నీళ్లను వాగులో పోయకుండా 200 అడుగుల అవతల చల్లేయాలి. మలవిసర్జనకు కూడా అంతే దూరం వెళ్లి, 6 నుంచి 8 అంగుళాల గుంత తవ్వి పూడ్చాలి. వాడిన కాగితం సంచిలో కట్టుకుని వెనక్కి తెచ్చుకుంటే మంచిది.

ఒకే చోట ఎన్నాళ్లు ఉండొచ్చన్నది ఫారెస్టును బట్టి మారుతుంది. 14 రోజుల పరిమితి ఎక్కువగా కనిపిస్తుంది.

కారు వదిలేసి బ్యాగు వేసుకుని లోపలికి నడిచే వాళ్లకే అసలైన దరఖాస్తు ఉంటుంది. 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద గుర్తించిన ప్రాంతాల్లోకి మోటారు బండి, సైకిల్ ఏదీ పోకూడదు. అక్కడ రాత్రి ఉండాలంటే చాలా చోట్ల పర్మిట్ కావాలి. స్టానిస్లాస్‌లోని ఎమిగ్రంట్ వైల్డర్‌నెస్‌లో ఇది ఉచితం, రోజుకు ఇంతమందే అన్న కోటా కూడా లేదు. ఏ ట్రయల్ (కాలిబాట) నుంచి లోపలికి వెళ్తారు, ఎందరు, ఏ తేదీన తిరిగొస్తారు అన్నది చెప్పాలి. ఇన్యో వైపు అయితే ట్రయల్‌కు కోటా ఉంటుంది, రిక్రియేషన్ డాట్ గవ్‌లో రుసుము కట్టి తీసుకోవాలి. మౌంట్ విట్నీకి ఫిబ్రవరిలో లాటరీయే వేస్తారు. మొదటిసారి వెళ్లే కుటుంబాలకు నేనైతే ఎమిగ్రంట్ వైపే చెబుతాను.

బయల్దేరే ముందు రోజు రేంజర్ స్టేషన్‌కు ఫోన్ చేయండి. గ్రోవ్‌ల్యాండ్ వైపు వెళ్తుంటే గ్రోవ్‌ల్యాండ్ ఆఫీసుకు, సోనోరా పాస్ వైపు అయితే పైన్‌క్రెస్ట్‌లోని సమ్మిట్ ఆఫీసుకు. ఆఫీసు వేళల్లో మాత్రమే ఎత్తుతారు, శని ఆదివారాల మీద ఆశ పెట్టుకోకండి. "ఏదైనా మంచి స్పాట్ చెప్పండి" అంటే పొడిగా జవాబొస్తుంది. రోడ్డు నంబరు చెప్పి, గేటు తీశారా, చిన్న కారు పోతుందా, ఇవాళ ఏ ఫైర్ ఆర్డర్ అమల్లో ఉంది అని అడిగితే ఓపిగ్గా చెబుతారు. 9,624 అడుగుల ఎత్తున్న సోనోరా పాస్ దగ్గర మంచు కరిగి రోడ్డు తెరిచే తేదీ ఏటా మారుతుంది, కాబట్టి మే నెలలో వెళ్లేవాళ్లు ఈ సంగతి కూడా అదే ఫోన్‌లో అడిగేయండి.