ఆర్‌వీ ఫ్రిజ్ వెనుక గాలి ఆడేలా చూసుకోవడం

అమెరికా ఆర్‌వీలలో, అంటే ఇల్లులా వాడుకునే వాహనాలలో, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. వేడెక్కి ఆవిరైన అమ్మోనియా, వెనుకనున్న కండెన్సర్ రెక్కల దగ్గర వేడిని వదిలితేనే లోపల చల్లబడుతుంది. ఆ వేడిని కింది జాలీ నుంచి ప్రవేశించి, పొగగొట్టంలో మాదిరిగా పైకెక్కి, కప్పు రంధ్రం గుండా పోయే గాలే మోసుకుపోవాలి.

ముందుగా గ్యాస్ వాల్వు మూసి, ఫ్రిజ్ చల్లారాక, జాలీ తీసి కందిరీగల గూళ్లు, దుమ్ము తొలగించండి. రెక్కలకూ వెనుక గోడకూ మధ్య ఎడం అంగుళం మించితే గాలి వాటిని తాకకుండా జారిపోతుంది కనుక, అల్యూమినియం రేకు బిగించి ఆ ఖాళీని తగ్గించాలి. చాలామంది ఇది మానేసి నేరుగా ఫ్యాన్ కొంటారు, అది తొందరపాటు.

స్లయిడ్‌అవుట్‌లోని (వాహనం ఆపాక పక్కకు బయటికి జరిపే గది భాగంలోని) ఫ్రిజ్‌కు సాధారణంగా కప్పు రంధ్రం బదులు పక్క జాలీయే దిక్కు కాబట్టి, అక్కడ 12 వోల్టుల ఫ్యాన్‌ను పైభాగాన, బర్నర్ మంటకు గాలి తగలకుండా, ఫ్యూజుతో సహా అమర్చండి.