విశాఖలో యూనిట్ మళ్లీ తెరుస్తున్నారా? గేటు తీసేలోపే ఈఎస్ఐ, బీమా దరఖాస్తులు ఇలా పూర్తి చేయండి

2021 జూన్‌లో కోవిడ్ కర్ఫ్యూ సడలింపులతో గాజువాక ఆటోనగర్ షెడ్లు, దువ్వాడ, పరవాడ వైపు యూనిట్లు ఒక్కొక్కటే తాళాలు తీశాయి. మాస్కులు, శానిటైజర్, థర్మల్ గన్ అందరూ కొన్నారు. కాగితాలు మాత్రం పని మొదలయ్యాక చూసుకుందామని పక్కన పెట్టేశారు. దెబ్బ తగిలేది అక్కడే. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) అయినా, పీఎఫ్ బీమా అయినా, ప్రైవేటు పాలసీ అయినా ముందు అడిగేది ఒకటే: జబ్బు తేలిన నాటికి, ప్రమాదం జరిగిన నాటికి ఈ మనిషి పేరు రికార్డులో ఉందా? ఆ తర్వాత ఎన్ని కాగితాలు పెట్టినా ఆ తేదీ వెనక్కి జరగదు. కింద రాసినవి 2021 జూన్ నెలాఖరు నాటికి అమల్లో ఉన్న నిబంధనలు.

మొదట పాత రికార్డు తెరవండి

ఇప్పటికే ఈఎస్ఐ కోడ్ ఉన్న యూనిట్ చేయాల్సిన మొదటి పని కొత్త దరఖాస్తు కాదు. మూతపడిన నెలల్లో చందా ఫైలు ఎలా నింపారో చూసుకోవడం. పని లేని నెలలో కార్మికుడి పేరు ఎదురుగా సున్నా రోజులు, సున్నా జీతం వేస్తే పోర్టల్ కారణం అడుగుతుంది. ఆ జాబితాలో 2 అంటే ఉద్యోగం మానేశాడు, 11 అంటే పని లేదు. తొందరలో చాలామంది అకౌంటెంట్లు అందరికీ 2 కొట్టి, ఆఖరి పనిదినం వేసి ఫైలు ఎక్కించేశారు. దాంతో ఆ కార్మికులు రికార్డు ప్రకారం ఉద్యోగంలో లేనట్టే లెక్క. సోమవారం డ్యూటీకి వచ్చి, బుధవారం జ్వరం వచ్చి పాజిటివ్ అని తేలితే, ఆ రోజుకు అతను ఏ యాజమాన్యం కిందా లేడు. తప్పు పడింది కారణం గడిలో. నష్టపోయేది కుటుంబం.

అలా పొరపాటున తీసేసిన వారిని పాత ఐపీ నంబర్‌తోనే (ఈఎస్ఐలో కార్మికుడి బీమా నంబర్) మళ్లీ చేర్చండి, కొత్త నంబర్ తీయొద్దు. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉంటే చందా రోజులు రెండు చోట్ల చీలిపోయి, ఏ నంబర్ కిందా అర్హత నిండదు. ఇప్పటికే రెండు ఉంటే బ్రాంచి ఆఫీసులో ఆధార్ చూపించి కలపమని రాసివ్వాలి. శ్రీకాకుళం, ఒడిశా ఊళ్లకు వెళ్లి తిరిగొచ్చిన వారిలో చాలామంది ఫోన్ నంబర్ మారిపోయి ఉంటుంది. ఆధార్‌కూ, ఈఎస్ఐకీ అదే నంబర్ ఉందో లేదో మొదటి రోజే అడగండి. ఓటీపీ రాక ఆగిపోయే పనులు చాలా ఉన్నాయి.

కొత్తగా నమోదు చేసుకునే యూనిట్లు

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీకి ఈఎస్ఐ తప్పనిసరి. తలలు లెక్కపెట్టేటప్పుడు కాంట్రాక్టు కూలీలనూ కలపాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారు, వికలాంగులైతే 25,000 లోపు ఉన్నవారు బీమా పరిధిలోకి వస్తారు. చట్టం వర్తించిన 15 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. రుసుము లేదు.

ఈఎస్ఐని నడిపే సంస్థ ఈఎస్ఐసీ పోర్టల్‌లో గానీ, శ్రమ్ సువిధ పోర్టల్‌లో గానీ లాగిన్ సృష్టించుకుని యాజమాన్య నమోదు ఫారం నింపాలి. పాన్, ఫ్యాక్టరీ లైసెన్సు లేదా షాపుల చట్టం కింద నమోదు పత్రం, జీఎస్టీ పత్రం, చిరునామా రుజువు, బ్యాంకు వివరాలు, చేరిన తేదీలతో సహా ఉద్యోగుల జాబితా దగ్గర పెట్టుకుని కూర్చోండి. పాన్‌లో పేరు ఎలా ఉందో లైసెన్సులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. దరఖాస్తు పూర్తయితే 17 అంకెల కోడ్‌తో సీ-11 అనే ఉత్తరం వస్తుంది. 2020 ఫిబ్రవరి తర్వాత రిజిస్టరైన కంపెనీలకు కంపెనీ నమోదుతోపాటే ఈఎస్ఐ కోడ్ కూడా వచ్చి ఉంటుంది. మీ పాత మెయిళ్లు ఓసారి వెతకండి, రెండో కోడ్ తీసుకుంటే తర్వాత తలనొప్పి.

కోడ్ రావడంతో పని అయిపోలేదు. ప్రతి కార్మికుడికీ విడిగా పది అంకెల ఐపీ నంబర్ తీయాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, భార్యాపిల్లల, ఆధారపడిన తల్లిదండ్రుల వివరాలు, నామినీ పేరు, దగ్గర్లోని డిస్పెన్సరీ అడుగుతుంది. చేరిన రోజే తీయడం ఉత్తమం, పది రోజులు దాటనివ్వకూడదు. నంబర్ వచ్చాక ఈ-పెహచాన్ కార్డు ప్రింటు తీసి కార్మికుడి చేతిలో పెట్టండి. ఆ కార్డు ఆఫీసు ఫైల్లో ఉంటే అర్ధరాత్రి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి పరుగెత్తే ఇంటివాళ్లకు పనికిరాదు.

చందా జీతంలో యాజమాన్యం వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. 15,000 జీతానికి 488, 113 రూపాయలు. తరువాతి నెల 15లోగా కట్టాలి, దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, ఆపైన నష్టపరిహారం కూడా. కొందరు చందా తగ్గించుకోవడానికి అలవెన్సులు వదిలేసి బేసిక్ జీతం మీదే కడతారు. ఇది మంచి పద్ధతి కాదు. కార్మికుడు మంచం పట్టినా, కన్నుమూసినా వచ్చే డబ్బును లెక్కగట్టేది రికార్డులో చూపిన ఆ జీతం మీదే. తెరిచిన కొత్తలో ఓవర్‌టైం ఎక్కువగా ఉంటుంది కదా, దాని మీద కూడా చందా కట్టాలి. కానీ 21,000 పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైంను కలపరు. కాబట్టి ఓవర్‌టైంతో పరిమితి దాటాడని ఎవరినీ తీసేయకూడదు.

లేబర్ కాంట్రాక్టరు తెచ్చిన మనుషుల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. కాంట్రాక్టరు చందా కట్టకపోతే చట్టం ప్రకారం బాధ్యత అసలు యాజమాన్యం మీదే పడుతుంది, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవచ్చు. చలానా కాపీ ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. ఆ చలానాకు సంబంధించిన పేర్ల జాబితా అడిగి, మీ గేటు హాజరు పుస్తకంతో పోల్చండి. చలానాలో ముప్పై పేర్లుండి, లోపల నలభై మంది తిరుగుతుంటే ఆ పదిమందికి బీమా లేదని అర్థం.

కోవిడ్ వచ్చి సెలవులో ఉంటే

ఆసుపత్రి, ల్యాబు సిబ్బందికి అంటువ్యాధి వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో, ప్యాకింగ్ లైనులో పనిచేసే వారికి ఆ వీలు లేదు. వారికి దక్కేది సిక్‌నెస్ బెనిఫిట్: సగటు రోజు కూలిలో 70 శాతం, వరుసగా రెండు ప్రయోజన కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి గరిష్ఠంగా 91 రోజులు. మొదటి రెండు రోజులకు చెల్లించరు. రోజుకు 500 లెక్కన సంపాదించే మనిషికి 14 రోజులు సర్టిఫికెట్ ఇస్తే 12 రోజులకు 350 చొప్పున 4,200 వస్తుంది.

అర్హతకు 78 రోజుల చందా కావాలి, కానీ ఏ 78 రోజులన్నది ముఖ్యం. 2021 జూలై 1 నుంచి డిసెంబరు 31 మధ్య జబ్బుపడితే 2020 అక్టోబరు నుంచి 2021 మార్చి వరకు కట్టిన రోజులు చూస్తారు. నిన్నగాక మొన్న చేరిన వారికి వైద్యం అందుతుంది గానీ సెలవు డబ్బు రాదు. ఈ మాట చేర్చుకునేటప్పుడే చెప్పండి.

ఫారం 9 నింపి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్‌తో బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ఉంటే పాజిటివ్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు అసలు ప్రతులే దాచాలి. ఇల్లు చేరగానే డిస్పెన్సరీకి వెళ్లి రాయించుకోవడం మంచిది.

మరణం సంభవిస్తే: కోవిడ్-19 రిలీఫ్ స్కీం దరఖాస్తు

పనిచేసే చోట అంటుకుందని నిరూపించలేని కుటుంబాల కోసమే ఈఎస్ఐసీ ఈ పథకం తెచ్చింది. 2020 మార్చి 24 నుంచి రెండేళ్లకని ప్రకటించారు, అంటే కోవిడ్ మొదటి విడతలో పోయినవారి కుటుంబాలు కూడా 2021లో అడిగే వీలుండేది. చాలామందికి ఇది తెలియలేదు. యాజమాన్యాలు తమ పాత జాబితాలు తిరగేసి, ఆ ఇళ్లకు కబురు పెట్టాల్సి ఉండేది.

అప్పటి షరతులు రెండు. పాజిటివ్ అని తేలిన తేదీకి కనీసం మూడు నెలల ముందే కార్మికుడి పేరు ఆన్‌లైన్‌లో నమోదై ఉండాలి. ఆ తేదీన ఉద్యోగంలో ఉండి, దానికి ముందు ఏడాదిలో కనీసం 70 రోజుల చందా కట్టి ఉండాలి లేదా కట్టవలసి ఉండాలి. ఆ ‘కట్టవలసి’ అన్నది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. యాజమాన్యం బకాయి పడితే దానికి కుటుంబాన్ని వెనక్కి పంపకూడదు. హాజరు, జీతం ఆధారాలు చూపి వాదించవచ్చు.

దీనికి సీఆర్ఎస్-1 అనే ఫారం నింపాల్సి ఉండేది. దానితోపాటు కోవిడ్ పాజిటివ్ రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఆధారపడిన వారి వయసు, గుర్తింపు రుజువులు, బ్యాంకు ఖాతా వివరాలు జత చేసి దగ్గర్లోని బ్రాంచి ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోవాల్సి ఉండేది. 15 రోజుల్లో పరిష్కరించాలన్నది నిబంధన. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చే మరణ ధ్రువపత్రంలో మరణకారణం ఉండదు, అందుకే పాజిటివ్ రిపోర్టు లేనిదే పని జరగదు. కేజీహెచ్‌లో గానీ, విమ్స్‌లో గానీ, ప్రైవేటులో గానీ పరీక్ష చేసినప్పుడు వచ్చిన నమూనా నంబర్ ఫోన్లో మెసేజ్‌గా ఉంటుంది. పోయిన మనిషి ఫోన్ ఫార్మాట్ చేయొద్దనీ, సిమ్ కార్డు పారేయొద్దనీ ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి రావడం బాధాకరమే, అయినా చెప్పండి.

ఆ పథకం కింద ఇచ్చింది సగటు రోజు కూలిలో 90 శాతం, నెలకు 1,800కు తగ్గకుండా, నేరుగా ఖాతాల్లోకి. భార్యకు ఐదింట మూడు వంతులు, ప్రతి బిడ్డకూ ఐదింట రెండు వంతులు. మొత్తం మించిపోతే అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. రోజు కూలి 500 అయితే రోజుకు 450, 30 రోజుల నెలకు 13,500. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఆమెకు సుమారు 5,786, పిల్లలకు చెరి 3,857. పిల్లల పేరున బ్యాంకు ఖాతా లేక వారి వాటా ఆగిపోకూడదు. తల్లి సంరక్షణలో మైనరు ఖాతా ముందే తెరవండి.

పీఎఫ్ ఉన్న యూనిట్ అయితే ఇంకో దరఖాస్తు కూడా పెట్టాలి. పీఎఫ్‌తో ముడిపడిన ఈడీఎల్ఐ జీవిత బీమా కింద గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. చివరి 12 నెలలు ఎడతెగకుండా సర్వీసులో ఉంటే, మధ్యలో యాజమాన్యం మారినా, కనీసం 2.5 లక్షలు. ఫారం 5 ఐఎఫ్ దీనికి, ఫారం 20 పీఎఫ్ సొమ్ముకు, ఫారం 10డీ పింఛనుకు. ఈ-నామినేషన్ (ఆన్‌లైన్‌లో నామినీ నమోదు) లేని ఖాతాల్లోనే ఎక్కువ ఆలస్యం జరుగుతోంది. తెరిచిన మొదటి వారంలోనే అందరిచేతా చేయించండి.

ఈఎస్ఐ పరిధిలో లేనివారికి

జీతం 21,000 దాటిన సూపర్‌వైజర్లు, పదిమంది కూడా లేని చిన్న షెడ్లు మిగిలిపోతాయి. 2020 ఏప్రిల్ 15 నాటి కేంద్ర హోంశాఖ ఉత్తర్వు, పనిచోట్ల కార్మికులకు వైద్య బీమా ఉండాలని చెప్పింది. ఖర్చు తక్కువలో కావాలంటే 2021లో కరోనా కవచ్ అనే కోవిడ్ వైద్య పాలసీ ఉండేది: 50,000 నుంచి 5 లక్షల దాకా, మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలల గడువులతో, గ్రూపుగా కూడా. అయితే మొదటి 15 రోజులు వర్తించేది కాదు. సోమవారం తెరుస్తూ శనివారం కొంటే మొదటి రెండు వారాలు బీమా లేకుండా పనిచేయించినట్టే.

ప్రమాదాలకు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ వేరుగా తీసుకోవాలి. పనిలో మరణిస్తే సగం జీతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించి ఇవ్వాలి. జీతం 15,000 వరకే లెక్కలోకి వస్తుంది. 40 ఏళ్ల మనిషికి గుణకం 184.17, కాబట్టి 7,500తో హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. పాలసీ లేని చిన్న షెడ్డు యజమానికి ఇల్లు అమ్ముకునే పరిస్థితి. ప్రపోజల్‌లో (పాలసీ దరఖాస్తులో) జీతాల మొత్తం తక్కువ రాస్తే క్లెయిమ్ కోతపడుతుంది, కాంట్రాక్టు కూలీల పేరు రాయకపోతే వారికి వర్తించదు.

మూతపడ్డ యంత్రం, మూతపడ్డ భవనం

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయన విషపు ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. అది వెలువడింది లాక్‌డౌన్‌లో ఆగిన ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి. రెండు రోజులకే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పునఃప్రారంభ మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటి వారాన్ని ట్రయల్ రన్‌గానే చూడాలి, ఉత్పత్తి లక్ష్యాలు పెట్టకూడదు. వింత శబ్దం, వాసన, ఊడిన తీగ, అదురు, లీకు, పొగ ఏది కనిపించినా ఆపేసేలా పనివాళ్లకు చెప్పాలి. మరమ్మతు చేస్తున్న యంత్రానికి తాళం వేసి, చీటీ కట్టాలి. ఈ తనిఖీలను తేదీ, సంతకంతో రాసి ఉంచండి, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు అడిగే మొదటి కాగితం అదే కావచ్చు.

అగ్నిప్రమాద పాలసీ షరతులూ ఇప్పుడే చదవండి. స్టాండర్డ్ ఫైర్ పాలసీలో భవనం 30 రోజులు దాటి ఖాళీగా ఉంటే, బీమా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుని ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే సవరణ పత్రం) ఇవ్వనిదే రక్షణ ఆగిపోతుంది. మూసినప్పుడు చెప్పకపోతే ఇప్పుడైనా మూసిన తేదీ, తెరుస్తున్న తేదీ, వాచ్‌మన్ వివరాలతో మెయిల్ పంపి జవాబు తీసుకోండి. ఏజెంటు ఫోన్లో ‘ఏం ఫరవాలేదు సార్’ అంటే సరిపోదు.

తెరిచాక ఎవరికైనా దెబ్బ తగిలితే ప్రమాదాల పుస్తకంలో ఎక్కించి, ఫారం 12 నివేదికను 24 గంటల్లోగా పోర్టల్‌లో పంపాలి. మరణమైతే వెంటనే పంపాలి. తాత్కాలిక అశక్తత భృతి సగటు కూలిలో 90 శాతం, దానికి 78 రోజుల షరతు లేదు, మొదటి రోజు చేరినవాడికీ వస్తుంది. నివేదికలో ప్రమాదం జరిగిన సమయం, చేస్తున్న పని, చూసినవారి పేర్లు ఆసుపత్రి చీటీతో సరిపోలాలి. చీటీలో ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయించి, తర్వాత పనిలో ప్రమాదమని నివేదిక పెడితే ఆ కేసు నిలబడదు.