ట్రాలీ తగిలించగానే ఆగిపోయిన లెగో ఇటుకల ట్రాక్టర్: నా అనుభవం

నల్లగొండలో మా అబ్బాయి కోసం లెగో టెక్నిక్ అనే బొమ్మ ఇటుకలతో కట్టిన ట్రాక్టర్ ఖాళీగా చక్కగానే నడిచేది. కానీ మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసే ట్రాక్టర్ల మాదిరిగా వెనుక ట్రాలీ తగిలించి బరువు పెట్టగానే ఒక్క కుదుపుతో ఆగిపోయి, దాన్ని నడిపించే ఆర్డ్యునో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మళ్లీ మొదటి నుంచి ప్రారంభమయ్యేది.

ఇది ప్రోగ్రాం లోపం కాదు. మోటారు కదలడం మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బోర్డుకూ మోటారుకూ బ్యాటరీ ఒకటే అయినందున వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతోంది. అందువల్ల మోటారుకు 1.2 వోల్టుల రీఛార్జ్ సెల్‌లు ఆరింటిని విడిగా ఇచ్చి, రెండు సరఫరాల గ్రౌండ్ (మైనస్) తీగలను మాత్రం కలిపాను. అవి కలవకపోతే, బోర్డు చెప్పినట్టు మోటారుకు కరెంటు ఇచ్చే డ్రైవర్ అనే సర్క్యూట్‌కు బోర్డు సంకేతం సరిగా అందదు. బోర్డును పవర్ బ్యాంకుతో నడపాలనుకునే వారు, తక్కువ వాడకానికి కొన్ని తమంతట తామే ఆగిపోతాయని గమనించాలి. మోటారు కొసల మధ్య 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ అతికించడంతో బ్రష్‌ల విద్యుత్ రొద తగ్గింది.

రీసెట్ ఆగినా లాగే బలం చాలలేదు. ఎల్298ఎన్ డ్రైవర్ దాదాపు 2 వోల్టులను తనలోనే వేడిగా పోగొడుతుంది గనుక, మాస్‌ఫెట్‌లతో (తక్కువ వోల్టేజీ పోగొట్టే ట్రాన్సిస్టర్లతో) పనిచేసే టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ డ్రైవర్‌ను అమర్చాను. అసలు తేడా మాత్రం గేర్లతోనే వచ్చిందని నా అభిప్రాయం: మోటారు వైపు 8 పళ్లది, ఇరుసుకు 40 పళ్లది వేస్తే వేగం ఐదో వంతుకు తగ్గి, ఘర్షణ పోను బలం ఇంచుమించు ఐదింతలవుతుంది. ఆ బలానికి పళ్లు జారకుండా ఇరుసును రెండు వైపులా రంధ్రాల ఇటుకలతో బిగించాలి.