ఇంట్లో వెల్డింగ్ నేర్చుకోవడం ఎలా? కూలర్ స్టాండ్ మన పరీక్ష

అనంతపురంలో ఏప్రిల్ వచ్చిందంటే కూలర్ లేకుండా గడవదు. దాని స్టాండ్ తుప్పుపట్టి కాలు ఊడినప్పుడల్లా వెల్డింగ్ షాపు చుట్టూ తిరగలేక నేనే నేర్చుకున్నాను. మీరూ నేర్చుకోవచ్చు, కానీ మొదటిరోజే స్టాండ్ జోలికి వెళ్లకండి.

200 ఆంప్స్ అని రాసి ఉండే చిన్న సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ చాలు. దాన్ని ఫ్యాన్ పెట్టే ప్లగ్గులో పెట్టొద్దు, 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. రాడ్లు, అంటే కరిగి అతుకుగా మారే పుల్లలు, 6013 రకం, 2.5 మి.మీ.వి తీసుకోండి. పాత ఇనుము కొట్టులో 5 మి.మీ. మందం పట్టీ ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకోండి. జీఐ పైపు వద్దే వద్దు, జింక్ పూత కాలిన పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

ఇక కళ్లు. గొప్పకు పోయి ఒకసారి నల్ల అద్దం లేకుండా నాలుగైదు వెల్డింగ్ చుక్కలు పెట్టాను, అప్పుడేం కాలేదు, అర్ధరాత్రి మాత్రం కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టు లేచి కూర్చున్నా. 10 లేదా 11 నంబరు నల్ల అద్దమున్న హెల్మెట్, తోలు గ్లౌజులు, నిండు చేతుల కాటన్ చొక్కా, బూట్లు. తడి నేల మీద నిలబడకండి. వింత చూడ్డానికి చేరే పిల్లల్ని ముందు లోపలికి పంపండి.

పట్టీ మీద తుప్పు, రంగు బాగా రుద్ది, ఎర్త్ క్లాంప్ (మెషిన్ నుంచి వచ్చే రెండో వైరు చివరి పట్టు) ఉత్త ఇనుముకే తగిలించి, మెషిన్‌ను 75 ఆంప్స్ దగ్గర పెట్టండి. రాడ్‌ని అగ్గిపుల్ల గీసినట్టు గీసి, మంట అందుకోగానే రాడ్ మందమంత ఎడం ఉంచండి. అతుక్కుపోతే మెలితిప్పి లాగండి, రాకపోతే రాడ్‌ని పట్టుకునే హోల్డర్ నొక్కి రాడ్ వదిలేయండి. మొదటి పది రాడ్లు ఎవరికైనా ఇలాగే పోతాయి.

అంటుకున్నాక అందరూ వెలుగునే చూస్తారు, అక్కడే తప్పంతా. దాని వెనకే కరిగి మెరిసే చిన్న మడుగుంటుంది, చూపు దాని మీదుండాలి. రాడ్ కాస్త వాల్చి, మడుగు వెడల్పు మారకుండా మీవైపు లాక్కోండి. ఉగ్గానిలోకి బజ్జీలు వేగేటప్పటి చప్పుడు ఆగకుండా వస్తుంటే సరిగ్గా పోతున్నట్టే. వెల్డింగ్ గీత తాడులా పైకి ఉబ్బితే ఆంప్స్ పెంచండి. చల్లారాక పైనున్న నల్ల పెంకు సుత్తితో కొట్టాలి, అప్పుడూ కళ్లకు తెల్ల అద్దాలు ఉండాలి.

గీతలు కుదిరాక రెండు ముక్కలు అతికించి, చల్లార్చి, సుత్తితో కొట్టి విరుస్తూ చూడండి. అతుకు దగ్గరే ఊడితే మళ్లీ మొదటికే.

అప్పుడు స్టాండ్. 3 మి.మీ. మందం ఎల్ యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) కోసి, మూలల్లో చుక్కలే పెట్టి, మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండువైపులా టేపుతో కొలవండి. రెండూ ఒకటే వస్తేనే పూర్తి వెల్డింగ్. చివర్లో తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూయండి. నా మొదటి స్టాండుకు బద్ధకించి వదిలేశాను, కూలర్ నీళ్లు కారి రెండో వేసవికే అదే కాలు ఊడింది.