కన్నవాళ్లే పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానం వస్తే ఏం చేయాలి?

ఒంటిపూట బడులు నడిచే ఏప్రిల్‌లో, బెజవాడ ఎండకు పెద్దవాళ్లే అల్లాడిపోతుంటే, ఒక పిల్లాడు పొడుగు చేతుల చొక్కాకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వస్తున్నాడంటే ఆగి చూడాలి. ‘వాళ్ల ఇంటి విషయం మనకెందుకు’ అనుకునే చోటే పిల్లలు నష్టపోతున్నారు.

గుర్తులు చూడటం

ఆడుకుంటూ పడితే మోకాళ్లకు, మోచేతులకు, నుదుటికి దెబ్బలు తగులుతాయి. చెవి, మెడ, వీపు, పిరుదులు, తొడ లోపలి వైపు కమిలితే అనుమానించాలి. వైరు మడిచి కొడితే ఉంగరంలా ఒంపు తిరిగిన తట్టు తేలుతుంది. అట్లకాడ కాల్చి వాత పెడితే దాని అంచు అచ్చు దిగినట్టు పడుతుంది. వేడినీళ్లు పొరపాటున ఒలికితే మచ్చ చెదురుమదురుగా ఉంటుంది. కాలు బలవంతంగా ముంచితే మాత్రం మేజోడు తొడిగినట్టు ఒకే గీత దగ్గర ఆగుతుంది. ఇంకా బోర్లా పడని పసిబిడ్డకు ఎక్కడ కమిలినా తేలిగ్గా తీసుకోకూడదు. పసివాళ్లను పట్టి గట్టిగా కుదిపితే పైకి గాయమే లేకుండా వాంతులు, ఫిట్స్, మగత రావచ్చు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక్కడ పొరబడేవాళ్లూ ఉన్నారు. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద పుట్టుకతోనే నీలి మచ్చలుంటాయి. అవి దెబ్బలు కావు, రోజుల్లో రంగు మారవు. కమిలిన చోటు రంగును బట్టి అది ఎన్నాళ్ల నాటి దెబ్బో డాక్టర్లు కూడా కచ్చితంగా చెప్పలేరు.

మనం మామూలుగా చెయ్యెత్తినా ముడుచుకుపోవడం, బడి వదిలాక ఇంటికి కదలకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, మధ్యాహ్న భోజనంలో గుడ్డు దాచుకుపోవడం కూడా గమనించాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. కానీ దెబ్బ ఎలా తగిలిందంటే తల్లి ఒకటి, తండ్రి ఒకటి చెబితే అనుమానం గట్టిపడుతుంది.

పిల్లలతో మాట్లాడటం

‘ఇది ఎలా తగిలింది?’ అని అడిగి ఊరుకోండి. ‘నాన్న కొట్టాడా?’ అంటే జవాబు మీరే అందించినట్టవుతుంది. రేపు కోర్టులో ఎదుటి లాయరు పట్టుకునేది దాన్నే. ‘ఎవరికీ చెప్పను’ అని ఒట్టు వేయకండి. ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు’ అనండి. బిడ్డ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీ, సమయంతో రాసిపెట్టండి. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించవద్దు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, ముందు ఆ తల్లిదండ్రులనే పిలిచి నిలదీయడం. ఆ రాత్రి దెబ్బలు రెట్టింపవుతాయి, తెల్లారేసరికి బిడ్డ మాట మార్చేస్తుంది. పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేయడమూ అంతే. లైంగిక వేధింపు కేసుల్లో రాజీకి చట్టంలో చోటే లేదు.

ఫిర్యాదు

రోజంతా పనిచేసే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. ప్రాణాపాయమైతే 112. రుజువులు సేకరించడం మీ పని కాదు, అనుమానం చాలు. బిడ్డ వయసు, ఇంటి గుర్తు, చూసిన గాయాలు, ఇప్పుడు ఎక్కడుందో చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా, బ్యారేజీ దాటితే తాడేపల్లి గుంటూరు జిల్లా, పెనమలూరు కృష్ణా జిల్లా. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి. పోలీసులు నేరుగా కేసు కట్టగల తీవ్రమైన నేరమైతే, పరిధితో పని లేకుండా అది ఏ స్టేషన్‌లోనైనా రాయాల్సిందే.

లైంగిక వేధింపు అయితే బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ చేరి ఆధారాలు పాడవుతాయి. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా వైద్య పరీక్ష చేయాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు, బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

చట్టం ఏమంటుంది

దండం దశగుణం అని సమర్థించుకునేవాళ్లు ఇది వినాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లలపై క్రూరత్వానికి 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ హింస వల్ల బిడ్డ అవిటిదైనా, మానసిక జబ్బు వచ్చినా 3 నుంచి 10 ఏళ్ల కఠిన కారాగారం, 5 లక్షల జరిమానా. పిల్లలపై లైంగిక నేరాలకు వర్తించే 2012 పోక్సో చట్టంలో కన్నవాళ్లు చేసే నేరాన్ని మరింత తీవ్రంగా చూస్తారు. అత్యాచారానికి కనీసం 20 ఏళ్ల జైలు, మరణశిక్ష దాకా వెళ్లవచ్చు. లైంగిక ఉద్దేశంతో తాకినా 5 నుంచి 7 ఏళ్లు. అలాంటి నేరం తెలిసీ చెప్పనివాళ్లకూ 6 నెలల దాకా జైలు పడవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం కేసు ఉండదు.

‘పిల్లని హోమ్‌లో వేసేస్తారు’ అన్న భయంతోనే అమ్మమ్మలు, మేనత్తలు నోరు విప్పరు. రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురావాలి. అయితే హోమ్ అన్నది చట్టం ప్రకారం ఆఖరి మార్గం. నమ్మకమైన బంధువులు ముందుకొస్తే కమిటీ వాళ్లకు అప్పగించవచ్చు. తల్లికీ దెబ్బలు పడుతుంటే 2005 గృహహింస చట్టం కింద బిడ్డను తాత్కాలికంగా తన దగ్గర ఉంచుకునే ఉత్తర్వు కోరవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100.

బిడ్డ పేరు, ఫొటో, బడి పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా నేరమే. ఫిర్యాదు తర్వాత బిడ్డ బడికి వస్తోందా, కొత్త మచ్చలున్నాయా చూస్తూ ఉండండి. కనిపిస్తే పాత ఫిర్యాదు నంబరు చెప్పి మళ్లీ ఫోన్ చేయండి.